కుస్తీ ఎక్కడి మాట? జాతర కరపత్రంలో ఏమని వేయించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ ఊరి హనుమాన్ జాతరలో ఏటా జరిగే కుస్తీలకు ఈసారి కరపత్రం అచ్చు వేయిస్తున్నారు. కమిటీలో ఒక పెద్దాయన "కుస్తీ పరాయి మాట, మల్లయుద్ధ పోటీలు అని వేయండి" అన్నారు. ఇంకో ఆయన "తాతల నాటి నుంచి కుస్తీ అనే అంటున్నాం, మార్చేది లేదు" అన్నారు. అసలు కుస్తీ ఎక్కడి మాట? మల్లయుద్ధం, కుస్తీ ఒకటేనా? గోదా అంటే ఏమిటి?

సూటిగా చెప్తాను: "కుస్తీ పోటీలు" అనే వేయించండి. కుస్తీ పర్షియన్ నుంచి వచ్చిన మాటే, పెద్దాయన అన్నదాంట్లో అబద్ధం లేదు. దాని మూలంలో కొట్లాట లేదు, చావు లేదు, ఆయుధం లేదు. నడుముకు కట్టుకునే పట్టీ ఉంది. ఆ పట్టీని పట్టుకుని బలం చూసుకోవడమే కుస్తీ. మల్లయుద్ధం సంస్కృతం నుంచి వచ్చిన మాట, గొప్ప మాట. కానీ మన పురాణాల్లో ఆ పేరుతో జరిగింది, మీ జాతరలో జరిగేది ఒకటి కావు. ఎందుకో కింద రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ముప్పై రెండేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పాను. అంతకు ముందు, పదకొండో ఏట నుంచి ఇరవై రెండో ఏట దాకా, మంజీర ఒడ్డున మా ఊరి తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, మట్టి పూసుకున్నాను. మా ఊళ్ళో ఒక వీధి మరాఠీ మాట్లాడుతుంది, ఒక వీధి తెలుగు, ఒక వీధి ఉర్దూ. సంతకు వచ్చేవాళ్ళు కన్నడం. తాలీంలో మాత్రం అందరిదీ ఒకే భాష. ఆ భాషలోని మాటల వెంట పడే తర్వాత నిఘంటువుల్లోకి వెళ్ళాను.

ముందు కుస్తీ. పర్షియన్‌లో ఈ మాట "కుష్తీ". దీన్ని పాత ఇరాన్ భాషలోని "కుస్తీగ్" దగ్గరికి తీసుకెళ్తారు. కుస్తీగ్ అంటే నడికట్టు, నడుముకు చుట్టుకునే పవిత్రమైన పట్టీ. ఆ పట్టీ ఈ రోజుకీ బతికే ఉంది. మన పార్సీలు కట్టుకుంటారు, దాని పేరు కూడా "కుస్తీ"యే. గొర్రె ఉన్నిని 72 పోగులుగా నేస్తారు. వాళ్ళ యస్న గ్రంథంలో 72 అధ్యాయాలు, అందుకని 72 పోగులు. పిల్లలకు నవజోత్ చేసేటప్పుడు తెల్లటి సుద్రే అంగీ తొడిగి, దానిమీద ఈ కుస్తీని నడుం చుట్టూ మూడు చుట్లు తిప్పి ముడి వేస్తారు. మనకు ఒడుగు ఎలాగో వాళ్ళకు అది అలాగ.

నేను ఇది పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. సికింద్రాబాద్‌లో పనిచేసే రోజుల్లో నాతోపాటు ఒక పార్సీ అధ్యాపకుడు ఉండేవారు. ఒకరోజు ఆయనింటికి వెళ్తే కొంచెం ఆగమన్నారు. చేతులూ ముఖమూ కడుక్కుని, నడుముకున్న పట్టీ విప్పి, ప్రార్థన చెప్పుకుంటూ మళ్ళీ కట్టుకున్నారు. అదేమిటని అడిగాను. "కుస్తీ" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. పదకొండేళ్ళు మట్టిలో పొర్లి నేర్చుకున్న విద్య పేరు ఆయన నడుం మీద కనబడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి పర్షియన్ నిఘంటువులు తెరవడం మొదలుపెట్టాను.

పట్టీకీ పోటీకీ సంబంధం ఎలా కుదిరిందని మీకు అనుమానం రావచ్చు. లోకంలో చాలా చోట్ల కుస్తీ అంటే ఎదుటివాడి నడికట్టు పట్టుకుని ఎత్తి పడేయడమే. తాతార్లు ఆడే కోరేష్‌లో ప్రత్యర్థి నడుం చుట్టూ తువ్వాలు వేసి, రెండు కొసలూ బిగించి పట్టి లేపుతారు. కొరియావాళ్ళ స్సిరమ్‌లో నడుముకూ తొడకూ కట్టిన గుడ్డ పట్టీని ఒకరిది ఒకరు పట్టుకున్నాకే పోటీ మొదలవుతుంది. జపాన్ సుమోలో నడుముకు చుట్టిన మవాషీ మీద పట్టు దొరికిందంటే సగం గెలిచినట్టే. పర్షియన్‌లో కుస్తీ ఆడటాన్ని "కుష్తీ గిరిఫ్తన్" అంటారు. గిరిఫ్తన్ అంటే పట్టుకోవడం. అక్షరాలా చూస్తే "పట్టీని పట్టుకోవడం".

ఇప్పుడు మన తెలుగు చూడండి. మనం కుస్తీ చేస్తాం అనం, కుస్తీ కొడతాం అనం. కుస్తీ పడతాం. "లెక్కలతో కుస్తీ పడుతున్నాడు", "రాత్రంతా ఆ మోటారుతో కుస్తీ పట్టాను" అంటాం. హిందీలో "కుష్తీ లడ్నా" అంటారు, అంటే పోరాడటం. పర్షియన్‌లో ఉన్న "పట్టు" హిందీలో జారిపోయింది, తెలుగులో నిలబడింది. మనవాళ్ళు పర్షియన్ చదివి అనువాదం చేశారని అనడం లేదు. మల్లవిద్యలో దేన్నయినా మనం "పట్టు" అనే అంటాం కాబట్టి సహజంగానే ఆ క్రియ వచ్చి అతుక్కుని ఉంటుంది. అయినా ఎంత చక్కగా అతికిందో! ముప్పై రెండేళ్ళలో ఈ సంగతి క్లాసులో చెప్పిన ప్రతిసారీ పిల్లల ముఖాలు వెలగడం చూశాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. పర్షియన్‌లో "కుష్తన్" అంటే చంపడం. శబ్దం దగ్గరగా ఉందని కుస్తీని దానికి ముడిపెట్టేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. చంపడమే మూలమైతే పక్కన "పట్టుకోవడం" అనే క్రియ ఎందుకు వస్తుంది? ఇంకో తికమక కూడా ఉంది. ఉర్దూ లిపిలో పొట్టి అచ్చులు రాయరు కనుక కుష్తీ, కష్తీ ఒకేలా కనబడతాయి. కష్తీ అంటే పడవ. సందర్భాన్ని బట్టి చదువుకోవాలి. మన దగ్గర కొందరు "ముష్టి నుంచి కుస్తీ వచ్చింది" అని కూడా రాస్తారు. ముష్టి అంటే పిడికిలి, కుస్తీలో పిడికిలితో పనే లేదు. తెలుగులో మకారం కకారంగా మారే అలవాటూ లేదు. "కిస్తీ కట్టడం"లోని కిస్తీ కూడా వేరే, అది వాయిదా అనే అర్థంలో అరబ్బీ నుంచి వచ్చింది.

మరి కుష్తీ మన దగ్గర కుస్తీ ఎలా అయింది? గుమాస్తా అనే మాట గుర్తు తెచ్చుకోండి. పర్షియన్‌లో అది "గుమాష్తా". షకారం పోయి సకారం వచ్చింది. కుస్తీలోనూ అదే జరిగింది. అయితే ఈ మార్పు మన నోటే జరిగిందా? నా అభిప్రాయం ఏమిటంటే, ఇది మరాఠీ మీదుగా వచ్చింది. మరాఠీలో కూడా "కుస్తీ"యే, "కుష్తీ" కాదు. ఒక్క మాటతో తేల్చేస్తున్నానని అనుకోకండి. తాలీంలోని మిగతా మాటల్ని కూడా వరసగా పెట్టి చూడండి.

గురువును ఉర్దూలో "ఉస్తాద్" అంటారు. మనం "వస్తాదు" అంటాం. ముందు వకారం ఎక్కడిది? మరాఠీలో "వస్తాద్". ఆటగాణ్ణి పర్షియన్‌లో "పహ్లవాన్" అంటారు. మా ఊళ్ళో "పైల్వాన్". మరాఠీలోనూ "పైల్వాన్". నేర్చుకునే చోటు అరబ్బీ "తాలీం" నుంచి వచ్చింది, దాని అసలు అర్థం చదువు, శిక్షణ. వ్యాయామశాల అనే అర్థంలో మరాఠీవాళ్ళు తాలీం అంటారు, మనం తాలీం, తాలింఖానా అంటాం. ఒక్క మాట అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఇన్ని మాటలు ఒకే వేషంలో వచ్చాయంటే ఒకే దారిన వచ్చాయని నా నమ్మకం. దక్కన్ సుల్తానుల కొలువుల్లో పర్షియన్ ఉంది, వాళ్ళ సైన్యాల్లో మరాఠాలు ఉన్నారు, ఆ సైన్యాలు తిరిగిన నేల మనది. ఈ రోజుకీ మన రాష్ట్రంలో ఊరూరా జాతర కుస్తీలు గట్టిగా నిలిచింది నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్ వైపు మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళలోనే. కొబ్బరికాయ బహుమతిగా ఇచ్చే కుస్తీతో మొదలుపెట్టి, రూపాయల కుస్తీలు ఆడించి, చివరికి వెండి కడెం కుస్తీకి వచ్చే ఆ పద్ధతి మీకు నేను చెప్పక్కర్లేదు.

పైల్వాన్ మీద ఒక్క మాట. అది "పహ్లవ" నుంచి వచ్చింది, అంటే పాత ఇరాన్‌లోని పార్థియా దేశస్థుడు. మన ఇతిహాసాల్లో శకులు, యవనులతోపాటు వినబడే పహ్లవులు వీళ్ళే. ఒక దేశపు వీరుడి పేరు చివరికి మంజీర ఒడ్డున గోచీ బిగించిన కుర్రాడికి బిరుదైంది.

ఇక మల్లయుద్ధం. మీ కమిటీ పెద్దాయన ఈ మాట మీద పెట్టుకున్న గౌరవం సరైనదే. మల్లులు అని ఒక జనపదమే ఉండేది. వాళ్ళ కుశీనగరంలోనే బుద్ధుడు పరినిర్వాణం చెందాడు. రాజులకు మల్ల శబ్దం బిరుదు. మనం మహాబలిపురం అంటున్న ఊరు అసలు మామల్లపురం. పల్లవ రాజు మొదటి నరసింహవర్మకు "మహామల్ల" అనే బిరుదు ఉండేది, ఆ పేరు మీద వెలిసిన ఊరు అది. కల్యాణి చాళుక్యుల్లో మొదటి సోమేశ్వరుడు ఆహవమల్లుడు, ఆరో విక్రమాదిత్యుడు త్రిభువనమల్లుడు, మూడో సోమేశ్వరుడు భూలోకమల్లుడు. ఆ విక్రమాదిత్యుడికి సామంతుడిగా ఉన్న కాకతీయ రెండో బేతరాజు కూడా త్రిభువనమల్ల బిరుదు ధరించాడు. ఈ మూడో సోమేశ్వరుడే 12వ శతాబ్దంలో మానసోల్లాసం రాయించాడు. అందులో మల్లవినోదం అనే ప్రకరణం ఉంది. మల్లుల తరగతులు, వాళ్ళ తిండి, సాధన, రాజు ముందు పోటీ పెట్టే తీరు అన్నీ అందులో ఉన్నాయి.

అయితే పురాణాల్లో మల్లయుద్ధం ఎలా ముగిసిందో గుర్తు తెచ్చుకోండి. భీముడు, జరాసంధుడు కార్తీక మాసం మొదటి రోజు మొదలుపెట్టి పదమూడు రోజులు పోరారు. చివరికి జరాసంధుడి శరీరం రెండు చీలికలైంది. విరాటుడి కొలువులో వంటవాడి వేషంలో ఉన్న భీముడు, మన తెలుగు భారతంలో వలలుడు, జీమూతుడనే మల్లుణ్ణి ఉత్సవంలోనే చంపాడు. మధురలో కృష్ణుడి చేతిలో చాణూరుడు, బలరాముడి చేతిలో ముష్టికుడు ప్రాణాలు విడిచారు. ముష్టికుడి పేరులోనే పిడికిలి ఉంది చూడండి. అక్కడ పిడిగుద్దులు ఉన్నాయి, మోకాటి పోట్లు ఉన్నాయి, ఎముకలు విరగడం ఉంది. అది యుద్ధం. మన జాతర కుస్తీలో గుద్దు లేదు, తన్ను లేదు, గొంతు నులమడం లేదు. వీపు నేలకు ఆనించడమే గెలుపు. ఓడినవాణ్ణి గెలిచినవాడే లేపి వీపు మీద మట్టి దులుపుతాడు. దీన్ని యుద్ధం అని అచ్చు వేయడానికి నాకు మనసొప్పదు.

పత్రికలవాళ్ళు మల్లయోధుడు అని రాస్తారు, దాన్ని తప్పుపట్టను. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఖాశాబా జాధవ్ గురించి "మల్లయోధుడు" అని చదివితే బాగానే ఉంటుంది. స్వతంత్ర భారతానికి అదే తొలి వ్యక్తిగత పతకం, ఆ గౌరవానికి ఆ మాట తగినదే. కానీ జాధవ్ కరాడ్ దగ్గరి పల్లెటూరివాడు, కుస్తీ మట్టిలో పెరిగినవాడు. మా వస్తాదు ఆయన పేరు ఎత్తితే "పైల్వాన్" అనే అనేవాడు.

మల్లయ్య, మల్లన్న అనే మన పేర్లు మల్లయుద్ధం నుంచి వచ్చాయని కొందరు అనుకుంటారు. మన వైపు ఆ పేర్లు శ్రీశైలం మల్లికార్జునుడివి, కొమురవెల్లి మల్లన్నవి. కుస్తీకీ వాటికీ ముడిపెట్టకండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మాట: జెట్టి. తాలీం, వస్తాదు మన దగ్గరికి రాకముందు కూడా ఈ నేల మీద పెనుగులాడినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళను ఏమనేవాళ్ళు? జెట్టి అనేవాళ్ళు. జగజెట్టి అనే మాట మీరు వినే ఉంటారు, జగత్తులోకెల్లా మేటి మల్లుడని అర్థం. జెట్టికి మూలం సంస్కృతంలోని జ్యేష్ఠ శబ్దమని నేను గట్టిగా నమ్ముతాను. మానసోల్లాసంలో మల్లుల్లో పై తరగతివాణ్ణి జ్యేష్ఠికుడు అన్నారు. గుజరాత్‌లో జ్యేష్ఠిమల్లులనే ఒక మల్లుల కులం ఉంది, మల్లపురాణం వాళ్ళదే. మైసూరులో జెట్టీలు ఈ రోజుకీ దసరాలో రాజప్రాసాదంలో వజ్రముష్టి కాళగ ఆడతారు. పిడికిలికి ముళ్ళున్న ఆయుధం తొడిగి, ఎదుటివాడి తల మీద తొలి నెత్తురు చుక్క కనబడగానే ఆపేస్తారు. పేరు, వృత్తి, కులం మూడూ ఒకే తీగకు కాసినట్టున్నాయి.

మల్లుల సాధన మన రాజులకు ఎంత దగ్గరో చెప్పే సాక్ష్యం కూడా ఉంది. దాదాపు 1520 ప్రాంతంలో హంపీ చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల తెల్లవారుజామును వర్ణించాడు. రాయలు పొద్దు పొడవకముందే నువ్వుల నూనె తాగేవాడు, అదే నూనె ఒళ్ళంతా పట్టించేవాడు. చిన్న గోచీ కట్టుకుని మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడు, కత్తిసాము చేసేవాడు. పట్టించిన నూనె అంతా చెమటలో కారిపోయాక తన మల్లుల్లో ఒకడితో పట్టు పట్టేవాడు. ఆ తర్వాత గుర్రం ఎక్కేవాడు. తాలీంకు వెళ్ళే పిల్లలకు నేను ఇది చెప్తుంటాను. చక్రవర్తి కూడా చెమట ఓడ్చనిదే రోజు మొదలుపెట్టలేదు.

జెట్టి కాలం నాటి తెలుగులో స్థలానికి కూడా వేరే మాట ఉంది: గరిడి. కన్నడంలో గరడి. సాము నేర్పే చోటు అది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మా సహోద్యోగి ఒకావిడ నా నోట తాలీం అనే మాట విని, "మా విజయనగరం వైపు సాముగరిడీలు అంటాం మాస్టారూ" అన్నారు. ఆమె నాన్నగారు గరిడీలో కర్రసాము నేర్పేవారట. ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు కూడా ఆమెకు తాలీం తెలియదు, నాకు గరిడి తెలియదు. మరాఠీ గాలి తగిలిన చోట తాలీం, తగలని చోట గరిడి మిగిలాయి. ఆ ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలోనే పుట్టిన బలశాలి కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీదికి ఏనుగునెక్కించుకుని ఊరూరా జనాన్ని నివ్వెరపరిచాడు. ఇద్దరం ఆ రోజు గంటసేపు మాటలు ఇచ్చిపుచ్చుకున్నాం. నా ఉద్యోగ జీవితంలో బాగా గుర్తుండిపోయిన గంటల్లో అదొకటి.

గోదా గురించి. ఇది మీ ప్రశ్నలో మూడోది, నేను చాలా ఏళ్ళు తప్పు చెప్పింది కూడా ఇదే. సంస్కృతంలో "గోధా" అంటే ఉడుము. ఉడుంపట్టు మనకు తెలిసిందే కదా, పట్టు నుంచి పట్టు ఆడే చోటుకు పేరు వచ్చిందని క్లాసులో ధైర్యంగా చెప్పేవాణ్ణి. వినడానికి అందంగా ఉంటుంది, పిల్లలు రాసుకునేవాళ్ళు. తప్పు. కుస్తీ స్థలాన్ని మనం ఒత్తు ధకారంతో పలకం, మన వస్తాదులు ఎవరూ అలా అనగా వినలేదు. పైగా ఉడుము పేరు స్థలానికి పెట్టిన ఆనవాలు పాత తెలుగులో నాకు ఎక్కడా కనబడలేదు.

తర్వాత ఒకసారి ఇరాన్‌లోని జూర్‌ఖానే ఫొటోలు చూశాను. జూర్‌ఖానే అంటే బలశాల, వాళ్ళ తాలీం. మధ్యలో ఎనిమిది పలకలుగా, నడుం లోతున తవ్విన గుంట ఉంటుంది. సాధన అంతా ఆ గుంటలోనే. ఆ గుంటను వాళ్ళు "గౌద్" అంటారు. గౌద్ అంటే లోతు, పల్లం. మన గోదా దీని చుట్టమే అని ఇప్పుడు నా అభిప్రాయం. తాలీం మాటలన్నీ ఆ వైపు నుంచే వచ్చాయి, అర్థం సరిపోతోంది, శబ్దం సరిపోతోంది. తమిళులు, మలయాళీలు కూడా కుస్తీ స్థలాన్ని గోదా అనే అంటారు. మనం "గోదాలోకి దిగడం" అంటాం, ఎక్కడం అనం. గుంటలోకి దిగడమే కదా. నా పాత విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఉడుము సంగతి కొట్టేసి ఇది రాసుకోండి.

గోదాదేవి, గోదావరి వేరే మాటలు. వాటిని దీంతో కలపకండి.

గోదాకూ బరికీ తేడా కూడా చాలామంది పట్టించుకోరు. ఎన్నికల వార్తల్లో రెండూ ఒకటైపోయాయి. బరి అంటే గీత, హద్దు. చెడుగుడులో మధ్య గీసుకునేది బరి. ఆ హద్దు లోపలి చోటు కూడా బరి అయింది, కోడిపందేల బరి అలాంటిదే. హద్దు తెంచుకున్నవాణ్ణి "బరితెగించాడు" అంటాం. గోదాకు ప్రధానం మట్టి, బరికి ప్రధానం గీత. రోమనుల దగ్గరా ఇలాగే జరిగింది. కత్తివీరులు పోరాడే చోటును వాళ్ళు అరీనా అన్నారు, లాటిన్‌లో దాని అర్థం ఇసుక. నెత్తురు ఇంకడానికి ఇసుక పోసేవాళ్ళు. వాళ్ళ గ్లాడియేటర్ పేరు గ్లాడియస్ అనే కత్తి నుంచి వచ్చింది. మనవాడి ఆట పేరు నడుం పట్టీ నుంచి వచ్చింది. ఆ ఇసుక నెత్తురు పీల్చడానికి. మా గోదా మట్టి దెబ్బ తగలకుండా ఉండటానికి. ఎర్రమట్టి జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి, రోజూ పారతో తిరగేసి మెత్తగా ఉంచేవాళ్ళం. తాలీంలో చేరిన మొదటి నెల మా వస్తాదు నాకు ఒక్క పట్టూ నేర్పలేదు. పార ఇచ్చి మట్టి తిరగేయమన్నాడు. "నువ్వు పడేది దీనిమీదే బిడ్డా, దీన్ని ముందు మంచిగ చేసుకో" అన్నాడు.

మీరు అడగలేదు గానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చిత్తు. "చిత్తుగా ఓడించారు", "చిత్తు చేశారు" అని రోజూ అంటాం. కుస్తీలో వీపు పూర్తిగా నేలకు ఆనడాన్ని హిందీలో, మరాఠీలో "చిత్" అంటారు. వెల్లకిలా పడటం. బోర్లా పడితే ఓటమి కాదు, మోకాళ్ళ మీద పడితే కాదు, పక్కకు పడితే కాదు. రెండు భుజాలూ మట్టికి తగిలితేనే చిత్. అందుకే మా తాలీంలో కిందపడ్డవాడు కప్పలా బోర్లా అతుక్కుపోయేవాడు, పైవాడు తిప్పడానికి నానా తంటాలు పడేవాడు. మన "చిత్తు" ఈ గోదాలోంచి లేచి వచ్చిందనే నేను అనుకుంటాను. రాజకీయాల్లోకీ ఈ భాష ఎలా పాకిందో చూడండి. "గల్లీలో కుస్తీ, ఢిల్లీలో దోస్తీ" అన్న మాట అర్థం కానివాళ్ళు మన దగ్గర లేరు. "బాహాబాహీకి దిగారు" అని వార్తల్లో రాస్తారు, అది చేతులూ చేతులూ కలిపి పెనుగులాడటం, సంస్కృతం నుంచి వచ్చింది.

పెనుగులాట అన్నాను కదా, అది మాత్రం అచ్చంగా మనది. పెన అంటే మెలిపెట్టడం, పేనడం. పెనవేసుకోవడం అందులోంచే. రెండు తీగలు మెలిపడ్డట్టు రెండు దేహాలు మెలిపడటం. పెద్దాయన అచ్చ తెలుగు కోసమే పట్టుబడితే ఈ మాట గుర్తు చేయండి, మల్లయుద్ధం కంటే ఇదే మనకు దగ్గర. కాకపోతే "పెనుగులాట పోటీలు" అని కరపత్రంలో వేస్తే ఎవరూ రారు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పరాయి మాట అన్న అభ్యంతరానికి నా జవాబు ఒక్కటే. మా తాలీంలో గోదాకు తూర్పున ఆంజనేయస్వామి గూడు ఉండేది. మా వస్తాదు ముసల్మాను. రోజూ ఆ గూటి ముందు దీపం పెట్టించాకే మట్టిలో కాలు పెట్టనిచ్చేవాడు. తానూ పిడికెడు మట్టి తీసి నుదుటికి పూసుకుని "యా అలీ" అనేవాడు. నాకు ధోబీపాట్ నేర్పింది ఆయనే. చాకలి బండ మీద బట్ట బాదినట్టు మనిషిని భుజం మీదుగా తిప్పి పడేసే పట్టు అది. ఆ పట్టు పేరు హిందీ, దాన్ని నేర్పిన మాట ఉర్దూ, పడ్డ మట్టి మంజీరది, పడ్డవాడు తెలుగువాడు. ఇందులో పరాయిది ఏదో నాకు ఇప్పటికీ వేరుచేయడం చేతకాదు.

ఇక కరపత్రం. నేనైతే ఇలా వేయిస్తాను: పైన పెద్ద అక్షరాల్లో "శ్రీ హనుమాన్ జాతర కుస్తీ పోటీలు". కింద "మట్టి గోదా, కొబ్బరికాయ కుస్తీ నుంచి వెండి కడెం కుస్తీ దాకా". "పైల్వాన్లకు, వస్తాదులకు ఆహ్వానం". పెద్దాయన మనసు నొచ్చుకోకూడదంటే గెలిచినవాడికి ఇచ్చే బిరుదులో "జగజెట్టి" పెట్టండి. ఆయన కోరుకున్న పాతదనం అందులో మల్లయుద్ధం కంటే ఎక్కువే ఉంది, పైగా అది తెలుగు నోట నలిగిన మాట. అన్నిటికంటే ముఖ్యంగా కింది వరసలో "రెండు భుజాలు నేలకు ఆనితేనే చిత్, న్యాయనిర్ణేతదే తుది మాట" అని తప్పకుండా అచ్చు వేయించండి. జాతరల్లో తగాదాలు వచ్చేది ఒక్క భుజం ఆనినప్పుడే.